బెజ్జం లేని వంతెన

ఒక పెద్ద అడవిలో పని ఎంత జరిగిందో చప్పుడును బట్టి లెక్కగట్టేవారు. సంఘం ఆఫీసు కొండ మీద ఉండేది, పనులు కింద జరిగేవి. దిగి చూసే ఓపిక అధ్యక్షులు ఏనుగుగారికి లేదు. చెవులు మాత్రం పెద్దవి.

ఆ ఏడు తొలకరిలోపు నల్లవాగు మీద వంతెన వేయాలని తీర్మానించారు. వాగు సన్నమే, లోతు మాత్రం ఏనుగు ఎత్తు. గడ్డి ఇటు గట్టున, ఒక దుప్పి దాచుకున్న రెండు పిల్లలు అటు పొదల్లో. ఎండాకాలం దిగి దాటుతుంది. నీళ్ళొస్తే తల్లి ఇటు, పిల్లలు అటు. నిరుడు అలాగే ఒక పిల్ల పాలు లేక చనిపోయింది.

పని వడ్రంగిపిట్ట కనకాచారికి అప్పగించారు. చేతినిండా అనుభవం ఉన్నవాడు, కానీ ముక్కు అరిగిపోయింది. పైగా చెక్క మద్ది, రాయిలాంటిది. అందుకని సంఘం ఆయనకు బ్యాటరీతో నడిచే మిషన్లు రెండు తెప్పించి ఇచ్చింది. ఒకటి డ్రిల్లు, రెండోది ఇంపాక్ట్ డ్రైవరు.

"ఆచారీ, వానలోపు అవుద్దా?" అని దుప్పి అడిగింది.

"అవుద్దమ్మా. నాది పూచీ," అన్నాడు.

రెండు దూలాల మీద ఇరవైనాలుగు చెక్కలు పరచాలి. ఆచారి డ్రిల్లు పట్టుకుని, నిదానంగా, మధ్యమధ్య ములుకులాంటి బిట్టు పైకి తీసి పొట్టు ఊదుకుంటూ బెజ్జాలు వేశాడు. మొదటి రోజుకు ఆరు చెక్కలయ్యాయి. అవి చాలా మంచి బెజ్జాలు, కాని వాటికి చప్పుడు లేదు.

"కింద పని ఆగినట్టుందే," అన్నారు కొండ మీద ఏనుగుగారు. వెంటనే ఎలుగుబంటినీ, తనిఖీ చూసే కొంగనూ పంపారు. ఎలుగుబంటి ఏనుగుగారికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు గాని, రెండు పూటలా భోజనం మాత్రం వాళ్ళింట్లోనే.

కొంగ ఒంటికాలి మీద నిలబడి మిషన్లను చాలాసేపు చూసింది.

"రెండూ గిర్రున తిరుగుతాయి. రెండింటికీ ఒకటే బ్యాటరీ. ఒకే పనికి రెండు మిషన్లు ఎందుకు?"

"ఇది బెజ్జం వేసేది, అది స్క్రూ బిగించేది అండీ. మద్దికి ముందు బెజ్జం వెయ్యకపోతే చెక్క చీలుద్ది. లేకపోతే స్క్రూ తల తెగుద్ది," అన్నాడు ఆచారి.

"స్క్రూ లోపలికి వెళ్ళేటప్పుడు దానంతట అదే బెజ్జం పడదా?"

"పడుద్దండీ. చెక్క చీలి పడుద్ది."

"పడుతుందని ఒప్పుకున్నాడు," అని కొంగ రాసుకుంది.

ఈలోగా ఎలుగుబంటి ఇంపాక్ట్ డ్రైవరు తీసుకుని నొక్కింది. టకటకటకమని అడవంతా మోగింది. కొండ మీంచి ఏనుగుగారి ఘీంకారం వినబడింది. మెచ్చుకున్నారన్నమాట.

ఇక చర్చ అక్కర్లేకపోయింది. డ్రిల్లును అదనపు సామానుగా గోనెసంచిలో కుట్టి సీలు వేశారు. బిగింపు పనికి ఎలుగుబంటిని అధికారిగా వేశారు. ఆచారికి స్క్రూలు అందించే పని ఇచ్చారు. మానేసి వెళ్ళిపోదామనుకున్నాడు గాని, దుప్పికిచ్చిన మాట ఆయన్ని కదలనివ్వలేదు.

ఎలుగుబంటి భోజనానికి వెళ్ళినప్పుడల్లా పాపం ఆచారి అరిగిన ముక్కుతోనే బెజ్జం వేయబోయాడు. ఒక్కటి కూడా పూర్తిగా దిగలేదు, ముక్కు చివర చిట్లింది. నాకు ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

బెజ్జాలు పడ్డ ఆరింటితో పాటు తక్కిన పద్దెనిమిది చెక్కలూ ఎలుగుబంటి రెండు రోజుల్లో బిగించేసింది. చీలిన చోట కొంగ లక్క పూయించింది. తలలు తెగిన స్క్రూలు చెక్కలోపలే ఉన్నాయి కనుక బిగించినట్టే రాసింది. నివేదికలో చివరి వాక్యం, 'చప్పుడు సంతృప్తికరం.'

ప్రారంభోత్సవం నాడు ఆకాశం మబ్బు పట్టింది. నియమం ప్రకారం అధ్యక్షులే ముందు నడవాలి.

"అయ్యగారూ, బెజ్జాలేసిన ఆరు చెక్కల దాకా నడవండి. ఏడోది వద్దు," అన్నాడు ఆచారి.

"ప్రారంభించడానికొచ్చి ఆరో చెక్క మీద ఆగితే చూసేవాళ్ళకు ఏం బాగుంటుందయ్యా?" అన్నారు ఏనుగుగారు.

ఆరు చెక్కలూ కిక్కురుమనలేదు. ఏడోది విరిగింది, తర్వాత మిగతావన్నీ వరసగా విరిగాయి. ఏనుగుగారు రెండు దూలాల మధ్య నుంచి దిగి, బురదలో నాలుగు కాళ్ళ మీద నిలబడిపోయారు. తల అటు గట్టుకు, తోక ఇటు గట్టుకు, వీపు గట్లతో సమానం.

విచారణ సంఘంలో ఎవరెవరుండాలో కొంగ, ఎలుగుబంటి మాట్లాడుకుంటుండగానే వాన మొదలైంది. నీళ్ళు ఏనుగుగారి పొట్ట దాకా వచ్చాయి. అటు పొదల్లో పిల్లలు అరిచాయి.

దుప్పి గట్టు అంచుకొచ్చి, "అయ్యా, తప్పుగా అనుకోకండి," అని ఏనుగుగారి వీపు మీదుగా నడిచి వెళ్ళిపోయింది. అవతల పిల్లలు పొదుగు దొరకబుచ్చుకున్నాయి. అది చూసి ఆచారికి కళ్ళు చెమర్చాయి.

దారి ఉందని తెలిశాక ఇక ఎవరాగుతారు? కుందేళ్ళు నడిచాయి, అడవిపందులు నడిచాయి, దున్నలు బారులు తీరాయి.

ఏనుగుగారు వంతెనను కింది నుంచి చూడడం అదే మొదలు.

"ఆచారీ, ఆ మొదటి ఆరు చెక్కలు ఎందుకు చీలలేదు?"

"బెజ్జాలున్నాయండీ వాటికి."

"ఆ గోనెసంచి విప్పండి," అన్నారు ఏనుగుగారు.

"సీలు తీయాలంటే తీర్మానం కావాలండీ. తీర్మానానికి తమరు కుర్చీలో ఉండాలి," అంది కొంగ.

"నేను కుర్చీలో లేను. నా మీద దున్నలున్నాయి. విప్పు."

ఆ అడవిలో ఒక ఫైలు అంత త్వరగా కదలడం ఎవరూ చూడలేదు. ఆచారి కొత్త చెక్కలు తెచ్చి, బ్యాటరీని డ్రిల్లుకు పెట్టి బెజ్జం వేశాడు, దాన్నే తీసి డ్రైవరుకు పెట్టి స్క్రూ దించాడు. ఒక్క చెక్కా చీలలేదు. వాన తెరిపిచ్చేసరికి దున్నలే అధ్యక్షుల్ని తాళ్ళతో గట్టుకు లాగాయి, ఆఖరి చెక్కలు బిగిశాయి.

నీతి: పెద్దలు ప్రజలకు పనికిరావాలంటే, ముందు వాళ్ళ కాళ్ళ కింద చెక్క విరగాలి.