ఇష్యూ లేనందున ఇష్యూ కాలేదు

ఇష్యూ అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువుల్లో సమస్య, జారీ, సంచిక, సంతానం అని నాలుగు అర్థాలిచ్చి ఊరుకుంటారు. కుర్చీలో కూర్చుని రాసేవాళ్ళకు అంతకన్నా తెలిసే వీలు లేదు. ఆ మాట పూర్తి వైభవం చూడాలంటే మిర్యాలగూడలో బస్సెక్కి, కోదాడలో దిగి, సూర్యాపేట మీదుగా ఇల్లు చేరాలి. వాడపల్లి అరుణ అలాగే నేర్చుకుంది.

అరుణ భర్త ప్రభుదాస్ సూర్యాపేటలో ఒక సర్కారు హాస్టల్ వంటమనిషి. పిల్లలు మారు అడిగి పెట్టించుకునే పప్పు వండేవాడు. ఒక పొద్దున గుండెనొప్పి వచ్చి, దవాఖాన చేరేలోపే పోయాడు. నౌకరిలో ఉండగా పోయినవాళ్ళ ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారని, దానికి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలని హాస్టల్ వాళ్ళు చెప్పారు. ఆ దంపతులకు పిల్లలు లేరు. కుటుంబంలో మిగిలింది తానొక్కతే కాబట్టి కాగితం తొందరగానే వస్తుందని అరుణ అనుకుంది.

కాగితాల్లో వాళ్ళ చిరునామా మిర్యాలగూడది, సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అక్కడి కార్యాలయం. పేరెందుకు, మీరూ వెళ్ళే ఉంటారు. అక్కడి గుమాస్తా జైరాం కంప్యూటర్ చూసి, "నీది ఇష్యూ అయిందమ్మా" అన్నాడు.

అరుణ దండం పెట్టింది. "సల్లగుండు సార్. ఇయ్యుర్రి మరి."

"ఏం ఇయ్యాలె?"

"ఇష్యూ అయిందంటిరి గద."

"అయింది. అందుకే ఇయ్యస్తలేదు."

సంగతేమిటంటే, కంప్యూటర్లో ఇష్యూస్ అనే గడి ఉంది. అందులో పిల్లల సంఖ్య వేయాలి. సున్నా వేస్తే కంప్యూటర్ కదలదు. పిల్లలు లేని ఇల్లు కూడా ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు.

"నీకు ఇష్యూ లేదు, అందుకే ఇష్యూ కాలే. ఇగ నువ్వు దీన్ని ఇష్యూ చెయ్యకు" అన్నాడు జైరాం మెత్తగానే. ఒక్క ఊపిరిలో ఒక్క మాటను మూడు అర్థాల్లో వాడగల పండితుడు లండన్లో కూడా దొరకడు.

ప్రభుదాస్ పుట్టింది కోదాడలో. అక్కడ విచారణ జరిపించుకు రమ్మన్నారు. కోదాడ ఉద్యోగి చాలా మర్యాదస్థుడు. "మీ ఆయనకి ఇంకెక్కడైనా ఇష్యూస్ ఉన్నాయేమోనండి" అన్నాడు.

"లేవు సార్. ఎవరితోని లొల్లి పెట్టుకునే మనిషి గాదు."

"గొడవలు కాదమ్మా. ఇంకో ఆవిడ దగ్గర పిల్లలు."

పదిహేనేళ్ళ సంసారంలో అరుణ కూడా అడగని ప్రశ్నను ప్రభుత్వం నలుగురి ముందూ అడిగింది. భర్త పోయిన రోజు ఏడ్చినదానికన్నా ఆ కార్యాలయం వరండాలో ఎక్కువ ఏడ్చింది. విచారణ ఆగకూడదు కాబట్టి ఆగలేదు. ప్రభుదాస్ పాత ఇంటి పక్కన ఉండే లింగస్వామి అనే ముసలాయనను పిలిచి, వాళ్ళకు ఇష్యూలేమైనా ఉన్నాయా అని అడిగారు.

"ఉందయ్యా, ఒకటి. ముప్పై ఏళ్ళదయింది. వాళ్ళూ తేల్చలేదు, మేమూ తేల్చలేదు" అన్నాడాయన.

ఉద్యోగి రాసుకున్నాడు: ఇష్యూ ఒకటి కలదు, వయస్సు ముప్పై.

"అది రెండిండ్ల నడుమ గోడ పంచాయితి సార్, పిల్లగాడు గాదు" అంది అరుణ.

"సాక్షి చెప్పింది రాయడమే మా పనండి."

నివేదిక మిర్యాలగూడ చేరింది. గడిలో ఒకటి వేయగానే కంప్యూటర్ సంతోషంగా కదిలి, సర్టిఫికెట్ కక్కింది. భార్య ఒకరు, సంతానం ఒకరు, కొడుకు, పేరు గడి ఖాళీ. అరుణకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఎనిమిదో ఏట కన్నదన్నమాట. ఆ లెక్క ఎవరికీ వింతగా తోచలేదు. అరుణ మొత్తుకుంటే, "ఇంతదాక లేదని ఏడిస్తివి, ఇప్పుడు ఉన్నదని ఏడుస్తున్నవ్" అని జైరాం కూడా నొచ్చుకున్నాడు.

ఆ కాగితం పట్టుకుని అరుణ సూర్యాపేట వెళ్ళింది. కొడుకున్నాడు కాబట్టి కొడుకు అంగీకారం కావాలన్నారు. గోడతో సంతకం ఎలా పెట్టించాలో తెలియక ఆమె మెట్ల మీద కూర్చుంటే, పేదల పెన్నిధి అని పేరున్న స్థానిక నాయకుడు మంగయ్యగారి దృష్టి ఆమె మీద పడింది. ఆయన వెంటనే సభ పెట్టించారు.

"అరుణక్క ఇష్యూ నా ఇష్యూ. ఈ ఇష్యూను నేను నెత్తికెత్తుకుంటున్న. దీనికో దారి చూపించేదాక నిద్రపోను" అని ప్రసంగించి, వినతిపత్రమని ఆమెతో సంతకం పెట్టించుకున్నారు. అది ఉద్యోగం కొడుక్కి ఇవ్వడానికి తల్లి ఒప్పుకోలు. మంగయ్యగారు మాట తప్పే మనిషి కారు. నెల తిరక్కముందే ఆ ఇష్యూకు దారి చూపించారు. ఆయన చెల్లెలు లక్ష్మీనర్సమ్మ కొడుకు వెంకట్‌కు సరిగ్గా ముప్పై ఏళ్ళు, పని లేదు. ప్రభుదాస్ కుమారుడు వెంకట్ అని ఉత్తర్వు వచ్చింది.

అరుణ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు హాస్టల్లో పాత వంటావిడ సుగుణ చెప్పింది: ఇలా ఉద్యోగం తీసుకున్న కొడుకు తల్లిని సాకుతానని రాసివ్వాలి, వెంకట్ కూడా రాసిచ్చాడని. అరుణ లేచి ముఖం కడుక్కుని, బట్టలు సంచిలో సర్దుకుని, సూర్యాపేటలో లక్ష్మీనర్సమ్మ ఇంటి తలుపు కొట్టింది.

"ఎవరు గావాలె?"

"నా కొడుకు దగ్గర ఉందామని వచ్చిన. లోపట ఉన్నడా బిడ్డ?"

వీధి మొత్తం గేటు దగ్గరికి వచ్చింది. దొంగ ఉత్తర్వు వచ్చిన రోజు మిఠాయి తిన్న వీధే అది. అరుణ వరండాలో చాప వేసుకుంది. వెంకట్ బయటికి పోతుంటే తొందరగా రా బిడ్డా అంటుంది, రాగానే తిన్నవా అంటుంది. కాదనడానికి వాడికి నోరు లేదు. తల్లి కాదంటే ఉద్యోగమూ తనది కాదు. మంగయ్యగారు కారు దిగి వచ్చారు.

"అక్కా, జర ఇజ్జత్ చూడాలె. దీన్ని ఇష్యూ చెయ్యకు."

"ఇష్యూను నేనేడ జేసిన సార్" అంది అరుణ, చాప దులుపుతూ. "నాకు లేదు మొర్రో అంటే ఇనకపోతిరి. మీరందరు గల్సి జేసిండ్రు. మీరే సాకుర్రి నన్ను."

వారం దాటేసరికి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అబ్బాయి తల్లి ఎవరని అడిగితే ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రం లక్ష్మీనర్సమ్మే అన్నను పిలిచి, "కడుపుల మోసినోన్ని కాగితానికి ఇయ్య. ఆమె నౌకరి ఆమెకు ఇడిసిపెట్టుర్రి" అని ఏడ్చింది. వెంకట్ రాజీనామా ఇచ్చాడు. అరుణ ఇప్పుడు అదే హాస్టల్లో రోజు కూలికి వండుతోంది. ఉద్యోగం సంగతి పరిశీలనలో ఉంది.

ఆ వీధిలో మాత్రం జాలి అంతా వెంకట్ మీదే. పాపం, చేతికొచ్చిన సర్కారు నౌకరి, ఎవరో పరాయి ఆడమనిషి ఊడగొట్టింది అంటారు. మీరు అలా అనరని నాకు తెలుసు. మీ ఇంట్లో పని లేని మేనల్లుడు ఎవరైనా ఉంటే మటుకు, మంగయ్యగారి ఫోన్ నంబర్ అడగకుండా ఈ పేజీ తిప్పండి.