కనిపిస్తేనే ఆయుధం

ఒక పెద్ద అడవిలో, గోళ్ళూ కోరలూ ఉన్నవాళ్ళంతా తమకే ప్రాణభయం ఉందని రోజుకో సభ పెట్టుకునే కాలంలో, గవరమ్మ అనే ముళ్ళపంది ఉండేది.

కిందటేడు ముళ్ళు రాలే రోజుల్లో ఆమె మొగుడు దుంపలు తవ్వుకొస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. సంతాపసభకి చిరుత కోదండరావు గారే అధ్యక్షత వహించారు. "చాలా మెత్తనివాడు" అంటూ, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదేదో నాలుకతో తీసుకుంటూ, రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నారు.

గవరమ్మకి ఇద్దరు పిల్లలు. వాళ్ళ ముళ్ళు ఇంకా గడ్డిపోచల్లా ఉన్నాయి. బొరియ గుమ్మానికి తన వీపు అడ్డం పెట్టి ఆమె పడుకుంటేనే లోపల వాళ్ళు నిద్రపోయేవారు.

అంతలో అడవికి ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలు ముగిసేదాకా ఆయుధాలున్న వారందరూ వాటిని పోలీసు ఔట్‌పోస్టులో అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు రాసింది ఆయుధాల కమిటీ. కమిటీకి అధ్యక్షులు కోదండరావు గారు. పారంపర్య ఆయుధ హక్కుల పరిరక్షణ సంఘానికీ ఆయనే అధ్యక్షులు. ఎన్నికల్లో అభ్యర్థి కూడా ఆయనే. చివరి వాక్యం మాత్రం ఆయన స్వయంగా చేర్చారు: "ఆయుధమనగా కంటికి కనిపించునది."

తనిఖీ రోజున ఔట్‌పోస్టు ముందు పెద్ద వరస. ఎస్సై ఎలుగుబంటి చూస్తున్నాడు, రైటరు కొండముచ్చు రాస్తున్నాడు.

ఏనుగు వచ్చింది. దంతాలు వారసత్వ సంపద అంది. పంపేశారు.

మగదుప్పి వచ్చాడు. "ఇవి కొమ్ములు కావండీ, మగతనానికి చిహ్నం. ఆయుధాలంటే మా కులపెద్దల మనోభావాలు దెబ్బతింటాయి" అన్నాడు. మనోభావాలనగానే ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు.

నాగుపాము వచ్చాడు. నోరు తెరవమని అడిగే ధైర్యం లేక ఎస్సై దణ్ణం పెట్టి పంపాడు.

కోదండరావు గారు వచ్చారు. నాలుగు పాదాలూ ఒక్కొక్కటే చాచి చూపించారు.

"నొక్కి చూడవయ్యా. బూరుగు దూది కాదూ?"

"దూదే సార్" అన్నాడు ఎస్సై, పొంగిపోయి.

చిరుతల గోళ్ళు అక్కర్లేనప్పుడు లోపలికి ముడుచుకుని ఉంటాయని అడవిలో పసిపిల్లకి కూడా తెలుసు. కానీ చట్టం అడిగింది ఉన్నాయా అని కాదు, కనిపిస్తున్నాయా అని. "ఏమియూ లేవు" అని కొండముచ్చు రాసుకున్నాడు.

చివర్లో గవరమ్మ వచ్చింది.

"అదిగో!" అని ఎస్సై అరిచాడు. "ఒంటినిండా ఆయుధాలే! ఎంత ధైర్యం నీకు?"

"ఇవి నా వొంట్లో భాగం అయ్యగారూ. పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. తీసేస్తే నేనెలా బతకాలి?"

"లైసెన్సుందా?"

"పుట్టుకకి కూడా లైసెన్సా?"

"దరఖాస్తు పెట్టుకోవాలమ్మా. ఎవరి వల్ల ప్రాణభయమో రాయాలి."

"రాయండి. చిరుత కోదండరావు గారి వల్ల."

కొండముచ్చు కలం ఆగింది. ఎస్సై గొంతు తగ్గించి, "అలా రాస్తే ఎలాగమ్మా? నీ దరఖాస్తు మీద సిఫారసు సంతకం పెట్టాల్సింది ఆయనే" అన్నాడు.

"అయితే భయం లేదని రాసుకోండి."

"భయం లేకపోతే ఆయుధం దేనికి? అప్పగించు!"

"ఇంత పెద్ద అడవిలో," అంది గవరమ్మ, "ఇన్ని కోరల మధ్య ఆయుధం ఉన్నది ఇద్దరు బిడ్డల తల్లి ఒక్కదాని దగ్గరేనా?"

నక్క కానిస్టేబులు ఓ ముల్లు పీకబోయి, ఉబ్బిన పంజాతో సెలవు చీటీ రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఇక లాభం లేదని, శుక్రవారం జరిగే ఆయుధ భద్రతా అవగాహన సదస్సులో ముళ్ళన్నీ అందరి ముందూ అప్పగించాలని గవరమ్మకి నోటీసిచ్చారు.

సదస్సుకి వచ్చినవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఆడదుప్పులు, కుందేళ్ళు, నెమలి పెట్టలు. ఆయుధం ఉన్నవాడు ఒక్కడూ లేడు. రాకపోతే జరిమానా అని చెప్పింది వీళ్ళకి మాత్రమే.

కోదండరావు గారు రాతిబండ ఎక్కి పాఠం మొదలుపెట్టారు.

"చెల్లెళ్ళారా, భద్రత మన చేతుల్లోనే ఉంది. గోళ్ళున్నవాడి కంట పడకూడదు. పడితే పరిగెత్తకూడదు, వాడికి ఉత్సాహం వస్తుంది. నిలబడనూ కూడదు, అది ఆహ్వానంలా ఉంటుంది."

కనకం అనే ఆడదుప్పి లేచింది. "మరి గోళ్ళున్నవాళ్ళకి క్లాసు ఎప్పుడండీ?"

"వాళ్ళకెందుకమ్మా? వాళ్ళకి అనుభవం ఉందిగా!"

"ఆ అనుభవం మాకూ ఉందండీ. ఇవతలి వైపు నుంచి."

వెనక కుందేళ్ళు కిసుక్కుమన్నాయి. కోదండరావు గారు విననట్టు, "బాధ్యత గలవారు ఆయుధం వాడబోయే ముందు మూడుసార్లు హెచ్చరిస్తారు" అని పాఠం ముగించి, నీళ్ళు తాగే నెపంతో ఎస్సై దగ్గరికి నడిచారు.

రాతిబండ పక్కన తన వంతు కోసం నిలబడ్డ గవరమ్మకి ఆయన మాటలు వినిపించాయి.

"ఒంటరి ఆడది, ముళ్ళు కూడా లేకుండా ఇంటికెలా వెళ్తుందయ్యా? నేనే దిగబెడతాను. పనిలో పనిగా పిల్లల్ని కూడా చూసొస్తాను. ఎలా ఉన్నారో ఏమో, పాపం, లేతవాళ్ళు."

"మీది పెద్ద మనసు సార్" అన్నాడు ఎస్సై.

గవరమ్మ ఒంటిమీద ప్రతి ముల్లూ నిలబడింది. పారిపోదామా అంటే నోటీసు ఉంది. అరుద్దామా అంటే వినాల్సినవాడు పెద్ద మనసును పొగుడుతున్నాడు.

ఆమెని బండమీదికి పిలిచారు.

"భయపడకు చెల్లెమ్మా" అన్నారు కోదండరావు గారు సభ వైపు నవ్వుతూ. "చూడండందరూ. ముల్లుని కొన దగ్గర కాదు, మొదలు దగ్గర పట్టి లాగాలి. తెలిసినవాడికి ఇది చిటికెలో పని. ఆ ముఖం అటు తిప్పు. పెద్దల ముందు ఆడది అలా ఎదురుగా నిలబడకూడదు. వీపు ఇటు పెట్టు."

గవరమ్మ వీపు పెట్టింది.

"వెనక్కి రా. సిగ్గుపడకు, ఇంకా రా."

"హెచ్చరించాలన్నారు కదండీ, హెచ్చరించనా?"

"హెచ్చరించు, హెచ్చరించు!" ఆయనకి ముచ్చటేసింది.

గవరమ్మ తోక ముళ్ళు గలగలలాడించింది. ఒకటి. రెండు. మూడు.

"విన్నారా? ఇంతే! ఉత్త చప్పుడు" అని ఆయన ముళ్ళ మొదలు వెతుకుతూ ముఖం దగ్గరగా పెట్టారు. "ఊఁ, రా వెనక్కి!"

గవరమ్మ వచ్చింది. చెప్పిన మాట వినే ఆడది ఎంత వేగంగా రావాలో అంత వేగంగా వచ్చింది.

ఏడు ముళ్ళు కోదండరావు గారి ముక్కులో దిగాయి.

ఆయన వేసిన కేకకి నెమళ్ళు చెట్లెక్కాయి. ముక్కు పట్టుకోడానికి పంజాలెత్తగానే, దూది పాదాల్లోంచి గోళ్ళన్నీ టపటపమని బయటికొచ్చాయి. వెనక కాళ్ళవి బండని గీరుతున్నాయి.

"కనిపించాయి!" అని అరిచింది కనకం. "పద్దెనిమిదీ కనిపించాయండీ!"

"నాకూ!" "నాకూ!" అని కుందేళ్ళు ఎగిరెగిరి సాక్ష్యం చెప్పాయి.

ఎస్సై ఆకాశం వైపు చూస్తూ, "నేను మబ్బులు చూస్తున్నాను" అన్నాడు. కానీ కొండముచ్చు పుస్తకం తెరిచేశాడు. వాడికి చిరుతన్నా, చట్టమన్నా పెద్ద గౌరవమేం లేదు. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండలేడు, అదే వాడి జబ్బు.

"ఆయుధమనగా కంటికి కనిపించునది. అప్పగించండి సార్."

"ఒరేయ్, ఇవి నా వొంట్లో భాగంరా!" కోదండరావు గారు ముక్కుతో మాట్లాడారు, మిగిలినంత ముక్కుతో. "పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి! తీసేస్తే నేనెలా బతకాలి?"

"ఈ వాంగ్మూలం ముందే రాసి ఉందండీ. గవరమ్మ పేరు మీద. పేరు మార్చమంటారా?"

సభంతా గొల్లుమంది. ఇక దారి లేక, కమిటీ అధ్యక్షుల హోదాలో కోదండరావు గారు అక్కడికక్కడే సవరణ చెప్పి రాయించారు: ఒంటితో పుట్టి ఒంటిని అంటుకుని ఉన్నవి ఆయుధాలు కావు.

"అయితే నావీ కావు" అంది గవరమ్మ.

"నీవీ కావు తల్లీ, వెళ్ళిపో!" ఎస్సై చేతులు జోడించాడు.

కొండముచ్చు మాత్రం ఇంకా రాస్తున్నాడు. "సార్, ఒంటి నుంచి ఊడి వచ్చినవి ఆయుధాలే కదండీ? మీ ముక్కులో ఉన్న ఏడూ మీతో పుట్టలేదు. గవరమ్మ నుంచి ఊడాయి. కంటికి కనిపిస్తున్నాయి. లైసెన్సుందా అండీ?"

లేదు. కాబట్టి కేసు కట్టారు. సాక్ష్యం కదలకూడదు గనక పంచనామా అయ్యేదాకా ముళ్ళు తీయడానికి వీల్లేదన్నారు. పంచనామా మీద కమిటీ అధ్యక్షుడి సంతకం కావాలి. ముద్దాయి సంతకం పెట్టకూడదు. అందుచేత పంచనామా ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

కోదండరావు గారు ప్రచారమంతా ఏడు ముళ్ళతోనే, ముఖం కొంచెం పక్కకి తిప్పి చేసుకున్నారు. మాంసం నమలలేక జావ తాగుతున్నారు. అది అహింసా వ్రతమని సంఘం కరపత్రాలు వేసింది. గెలిచారు కూడా.

గవరమ్మ పిల్లల ముళ్ళు ఈ వానాకాలానికి గట్టిపడ్డాయి. ఆడదుప్పులు ఇప్పుడు వాగుకి నీళ్ళకి వెళ్ళేటప్పుడు ఆమెని పిలుచుకుని మరీ వెళ్తున్నాయి. కోదండరావు గారు ఎదురైతే గవరమ్మ మర్యాదగా ముఖం తిప్పి వీపు పెడుతుంది. ఆయనే వేరే దారిన పోతారు.

నీతి: పెద్దలు వెనక్కి రమ్మన్నప్పుడు ఆడది మారుమాట్లాడకుండా రావాలి.