ఫెరెల్లి గారి సంస్మరణ సభకి ఫెరెల్లి గారు

సంస్మరణ సభ ఇంకా మొదలుకాకముందే, కీర్తిశేషులు గైటానో ఫెరెల్లి గారు హాలు వెనక వంటగదిలో మిరపకాయ బజ్జీ తింటూ కనిపించారు.

నేను వెంటనే గుర్తుపట్టలేదు. వేదిక మీద దండ వేసి, బొట్టు పెట్టిన ఫొటోలో ఆయనకి పాతికేళ్ళు. బజ్జీ తింటున్నాయనకి ఎనభై దాటాయి. కానీ పక్కకి ఒరిగిన ఆ ముక్కు మాత్రం ఒకటే.

"నీళ్ళున్నాయా?" అని ఇంగ్లీషులో అడిగారు, కళ్ళు తుడుచుకుంటూ. "నేను పోయానని మా అమ్మాయికి ఓదార్పు ఫోన్లు వస్తున్నాయి. సంగతేమిటో చూద్దామని ఫ్లోరిడా నుంచి వచ్చాను."

అది 2009. జెర్సీ సిటీ పక్కనున్న మా చిన్న ఊరి కౌన్సిల్‌కి వచ్చే మంగళవారమే ఎన్నిక. మా తెలుగు సంఘం అధ్యక్షులు, ప్రజాసేవ కోసమే పుట్టిన చక్రధర్ గారు బరిలో ఉన్నారు. ఊళ్ళో ఇటాలియన్ ఓట్లు ఎక్కువ. ఇటలీ నుంచి వచ్చి, ఈ ఊరి చర్చి కింద గదిలో పిల్లలకి ఉచితంగా బాక్సింగ్ నేర్పిన ఫెరెల్లి గారంటే వాళ్ళకి ప్రాణం. అందుకని చక్రధర్ గారు 'మహా ముష్టియోధుడు ఫెరెల్లి: జీవితం, వారసత్వం, సమగ్ర అంచనా' అని సభ ప్రకటించారు. మనవాళ్ళు ముందుగా ఇంగ్లీషులో అంచనా వేస్తారు. ఇటాలియన్ సోదరులు భోజనాల వేళకి వచ్చి దాని వీడియో చూస్తారు.

నేను పరుగున వెళ్ళి చక్రధర్ గారి చెవిలో వేశాను.

"ఫెరెల్లి గారు బతికే ఉన్నారండీ."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"కన్ఫర్మ్ చేసుకున్నారా మూర్తి గారూ?"

"బజ్జీలు తింటున్నారండీ."

నాయకుడంటే ఎవరో నాకా క్షణంలో తెలిసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఫ్లయర్స్ వెళ్ళిపోయాయి. అందరికీ ఈమెయిల్స్ పంపించేశాం. ఇప్పుడొచ్చి బతికున్నానంటే ఎలాగండీ? ముందు వరసలో కూర్చోబెట్టండి. కజిన్ అని చెప్పండి."

"పోనీ, దండైనా తీయిద్దామా?"

"దండ తీస్తే బర్త్‌డే అనుకుంటారు."

సభ మౌనంతో ప్రారంభమైంది. ఫెరెల్లి గారు కూడా మర్యాదగా లేచి, తల వంచి, తన ఆత్మకి శాంతి కోరారు.

"ఫెరెల్లి గారు ఈ రోజు మన మధ్య లేరు," అన్నారు వ్యాఖ్యాత పద్మజ గారు.

ముందు వరసలో ఒక చెయ్యి లేచింది.

"రెస్ట్‌రూమ్ అటువైపు, సర్," అన్నారు పద్మజ గారు.

తర్వాత గుండె డాక్టర్ కృష్ణమోహన్ గారు మైకు అందుకున్నారు. తాను అమెరికా వచ్చిన కొత్తలో పడిన కష్టాలు ముగించాక, ఫెరెల్లి గారి కెరీర్‌లోకి దిగారు. "ప్రపంచ టైటిల్ గెలిచిన ఆ చారిత్రక రాత్రి..."

"ఓడిపోయాను," అన్నారు ఫెరెల్లి గారు.

"ప్రశ్నలు చివర్లో తీసుకుంటాం, సర్."

ఫెరెల్లి గారు లేచి నిలబడ్డారు. "ఐదో రౌండ్‌లో పడిపొమ్మని ఒకడు డబ్బు చూపించాడు. నేను పడలేదు. చెయ్యి విరిగినా చివరిదాకా నిలబడే ఓడిపోయాను. నా గురించి చెప్పాలనుకుంటే ఆ ఒక్కటి చెప్పండి. మిగతాది వదిలేయండి."

"చాలా మంచి పాయింట్," అన్నారు కృష్ణమోహన్ గారు. "అలా టైటిల్ గెలిచాక..."

చప్పట్లు మోగాయి. బయట ఇటాలియన్ సోదరుల బస్సు ఆగిన చప్పుడైంది. ఫెరెల్లి గారు వేదిక మెట్ల వైపు నడిచారు.

"మావాళ్ళొచ్చారు. మైకివ్వండి. నేను పోయానని ఎవరు చెప్పారో అడగాలి."

పద్మజ గారు కృష్ణమోహన్ గారి వైపు చూశారు. ఆయన తన చేతిలోని ఫ్లయర్ వైపు చూసుకున్నారు. ఫ్లయర్ మీద ఫెరెల్లి గారి ఫొటో కన్నా పెద్దదిగా చక్రధర్ గారి ఫొటో ఉంది.

చక్రధర్ గారు ఫెరెల్లి గారి భుజం మీద చెయ్యి వేసి తెర వెనక్కి తీసుకెళ్ళారు. మంచినీళ్ళ గ్లాసుతో నేనూ వెళ్ళాను.

"నేనే, సర్. దాచడమెందుకు?" అన్నారు చక్రధర్ గారు. "పోయిన నెల మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? మీవాళ్ళకి నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నాను. ఊరికి ఏం చేశావని అడిగారు మీరు. ఇన్నేళ్ళలో ఎంతమందికి శాలువాలు కప్పాను సర్! ఒక్కరు కూడా నన్నామాట అడగలేదు."

ఫెరెల్లి గారు కోటు విప్పి నా చేతికిచ్చారు. చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టారు. చక్రధర్ గారు అదేమీ పట్టించుకోలేదు. గొప్పవాళ్ళ ఏకాగ్రత అలాంటిది.

"అందుకే మీరు పోయారని ఫ్లయర్స్‌లో వేయించాను. పోయేముందు నన్నెంత మెచ్చుకున్నారో, ఇవాళ్టి వీడియోకి ముందు కలపడానికి నేనే చెప్పి తీయించాను. చాలా బాగా వచ్చింది, మీరూ చూద్దురుగాని. మీ మీద కోపమేం లేదు సర్. ఎలక్షన్ మంగళవారం. అందాకా కాస్త పడి ఉండండి, చాలు. బుధవారం మేమే లేపి, ఘనంగా సన్మానం చేస్తాం. శాలువా కూడా కొనేశాను."