గాజుల డబ్బాలో రబ్బరు చేపలు

చేపలు పట్టేవాడికి నీళ్లతో పనిలేదు. గాలంతోనూ అంతగా పనిలేదు. వాడికి కావలసినవి డబ్బాలు! ఈ మాట భద్రాచలంలో గాజుల దుకాణం నడుపుకునే పర్వేజ్ అనే నేను, మూడేళ్ల కఠోర సాధన తర్వాత, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను.

వానపాములు తవ్వి గాలానికి గుచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు మెత్తటి ప్లాస్టిక్ ఎరలు వస్తున్నాయి. చేపపిల్లలా కొన్ని, కప్పలా కొన్ని, జెర్రిలా కొన్ని. నీళ్లలో లాగితే తోక ఆడిస్తాయట. ‘అట’ అని ఎందుకన్నానంటే, వాటిని నీళ్లలో లాగే తీరిక నాకు దొరకలేదు.

ఎలా దొరుకుతుంది? పార్సిల్ వచ్చాక సర్దాలా వద్దా? నాలుగు వందల ఎరలు కొని, ఏది ఎక్కడుందో తెలియకుండా ఏటి ఒడ్డుకు పోయేవాణ్ణి మనిషంటారా? మా ఇంటా వంటా లేదు. మా తాతా నాన్నా గాజులు సర్ది బతికినవాళ్లు. చీర కొంగు చూపిస్తే చాలు, దానికి మ్యాచింగ్ ఏ అరలో ఏ వరసలో ఉందో కళ్లు మూసుకుని తీసిస్తాం.

అందుకని మొదట కవర్లన్నీ చింపి పారేశాను. గాజుల సరుకు దిగగానే ఎవరైనా చేసే పని అదే. కవర్ల వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. మనం చదవాలని రాసేవాడు అంత చిన్నగా రాస్తాడా?

తర్వాత రంగులు. చిలకపచ్చకూ ఆకుపచ్చకూ తేడా తెలియనివాడు చేపను ఏం ఒప్పిస్తాడు? ఆ తర్వాత సైజులు. గాజుల లెక్కలోనే టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్. కొర్రమట్టకు టూ సిక్స్ సరిపోతుందని నా అంచనా. దానికి చెయ్యి లేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేకపోయాను.

రంగులూ సైజులూ తేలేసరికి ఈ వేసవి వచ్చింది. దుకాణంలో గాజుల డబ్బాలు ఎలాగూ ఉన్నాయి. అద్దంలా మెరిసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కోదానికి ఒక్కో స్టిక్కర్ అంటించి, ఎరలన్నీ వరసగా పేర్చి, కౌంటర్ మీద పెట్టాను. పర్ణశాల చూసి వచ్చిన ఒకామె, ఆ గులాబీ రంగువి డజను ఇమ్మని అడిగింది. చేపల ఎరలని చెప్పాక పిల్లల్ని దగ్గరకు లాక్కుని వెళ్లిపోయింది. అయినా నా సర్దుడును మెచ్చింది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

మా ఆవిడ జహీరా మెచ్చలేదు. “జీలకర్ర డబ్బా మూత పోయి మూడు నెలలైంది. అది గూడ గిట్లనే దొరకవట్టొచ్చు గద,” అంది. కళాకారుడికి ఇంటిపోరు మామూలే.

ఇక్కడ బిచ్యా సంగతి చెప్పాలి. కారేపల్లి దగ్గరి తండావాడు, ఇంటర్‌లో నా బెంచీ, ఇక్కడి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. వాడి వారపు సెలవు శుక్రవారం, నా దుకాణానికీ శుక్రవారమే సెలవు. పెళ్లిళ్లు కాకముందు నుంచీ శుక్రవారం తెల్లవారితే ఇద్దరం పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున ఉండేవాళ్లం. వాడి సరంజామా ఒక వెదురు కర్ర, పాత టిఫిన్ డబ్బాలో తడిమట్టి, మట్టిలో వానపాములు. స్టిక్కర్ కూడా ఉండేది కాదు.

నేను ఎరలు కొన్నప్పటి నుంచి ప్రతి గురువారం వాడి ఫోన్.

“రేపు పోదమా భాయ్?”

“నలుపు ఇంకా సర్దలేదు బిచ్యా.”

“చేప మనల్ని రంగు అడుగుతదా?”

“అడిగితే ఏంది మరి?” అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసి నలుపు ఎరలు ముందేసుకునేవాణ్ణి.

మొన్న మే నెలలో దుకాణానికే వచ్చాడు. “మంచిర్యాలకు ట్రాన్స్‌ఫర్ అయింది. సోమవారం జాయిన్ గావాలె. మనకు ఈ శుక్రవారం ఒక్కటే ఉన్నది,” అన్నాడు.

“వస్త. డబ్బాలన్నీ తయారున్నయ్,” అన్నాను. నిజంగానే ఆ వారమే పూర్తయ్యాయి. నాలుగు వందల పన్నెండు ఎరలు, ఇరవై ఆరు డబ్బాలు!

శుక్రవారం తెల్లవారగానే షట్టర్ ఎత్తి, మొదటి డబ్బా మూత తీయబోయాను. రాలేదు. రెండోదీ రాలేదు. మే ఎండకు ఎరలూ డబ్బాలూ ఒకదాన్నొకటి కరిగించుకుని ముద్దయిపోయాయి. చిలకపచ్చ లేదు, గులాబీ లేదు, అన్నీ మాడిన వంకాయ రంగు. బల్ల కింద చింపి పారేసిన కవరు ఒకటి దొరికింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఈ కవర్లోనే ఉంచవలెను, గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టరాదు అని రాసి ఉంది.

బిచ్యా పర్ణశాల రోడ్డు మీద బండి వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నేనేం చేశాను? చాకు తీసుకుని ఎరలను ఒక్కొక్కటే ఊడదీస్తూ కూర్చున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా పది నిమిషాలన్నాను. ఆ పది నిమిషాలు తొమ్మిదిన్నర దాకా సాగాయి. ఎండ ముదిరింది. చివరికి వాడే వచ్చి, నేల మీద నా పక్కన కూర్చుని, కాసేపు తనూ ఊడదీశాడు. నాలుగు వచ్చాయి, తోకల్లేకుండా.

“భాయ్, నీకు చేపలు పట్టుడు ఇష్టం లేదా, నాతోని పట్టుడు ఇష్టం లేదా?” అన్నాడు.

పాఠకులారా, నిజం చెప్పక తప్పదు. మూడేళ్ల కిందట వరసగా పదమూడు శుక్రవారాలు నా గాలానికి ఒక్క చేప పడలేదు. వాడికి పడని శుక్రవారం లేదు. ఆ సిగ్గుతోనే ఈ ఎరలు కొన్నాను. డబ్బాలు సర్దడం పూర్తి కానంత కాలం నేను చేపలు పట్టలేనివాణ్ణి కాదు, ఇంకా బయలుదేరనివాణ్ణి, అంతే. ఆ మాటే వాడికి చెప్పేశాను.

బిచ్యా చాకు కింద పెట్టాడు. “నీకు చేపలు పడతయని నేను ఎన్నడన్న వచ్చిన్నా?” అన్నాడు.

సోమవారం మంచిర్యాల పోయాడు. ఆ ఒక్క శుక్రవారాన్ని నేను చాకుతో గీకి పారేశాను.

పోయిన వారం ఫోన్ చేశాడు. “ఈడ గూడ గోదారే. ఆఫీసుల అడిగి శుక్రవారమే సెలవు పెట్టించుకున్న.”

తిన్నగా బస్టాండుకు పోయి గురువారం బస్సుకు టికెట్ తీసుకున్నాను. తెచ్చి, నలగకుండా జిప్ కవర్లో పెట్టి, దాని మీద ‘మంచిర్యాల’ అని స్టిక్కర్ అంటించాను. జహీరా చూసి, స్టిక్కర్ పీకి, టికెట్ తీసి నా చొక్కా జేబులో పెట్టింది.

“మీరు సదిరినయేవీ ఇప్పటిదాంక గడప దాటలే. జేబులనే ఉండనియ్యండి,” అంది.

ఈ నాలుగు ముక్కలూ బస్సులో కూర్చుని రాస్తున్నాను. ఒళ్లో మూతకు చిల్లులు పొడిచిన టిఫిన్ డబ్బా ఉంది. ఒకసారి తీసి చూశాను. తడిమట్టిలో చిన్నవీ పెద్దవీ అన్నీ కలిసిపోయి మెలికలు తిరుగుతున్నాయి. ఒట్టు, నేను సర్దలేదు.