ఆగని కారుకు అనుమతి

ఇలా రండి, దగ్గరికి జరగండి. వెనక ఆ గుసగుసలు ఆపండి, శెనక్కాయలు తర్వాత వలుచుకోవచ్చు. మనిషి నిప్పు కనిపెట్టాక అంతటి ఘనకార్యం మళ్లీ ఒక్కటే జరిగింది: ఎవరూ ఆపకుండా తనంతట తానే ఆగిపోయే ఇంజను.

అలాంటి ఇంజనున్న కొత్త కారులో దయాకర్ బాబు తన కూతురు దీనాను టీచరు ఉద్యోగం పరీక్షకు తీసుకెళ్తున్నాడు. పరీక్ష బలిఘట్టం అవతల. తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. నిమిషం దాటితే మళ్లీ ఏడేళ్లకే పరీక్ష (ప్రభుత్వం తొందరపడితే).

అబీద్ సెంటర్లో ఒక గేదె అడ్డొచ్చింది. దయాకర్ బ్రేకు తొక్కాడు, ఇంజను ఠక్కున ఆగింది. కాలు తీస్తే అదే మళ్లీ అందుకుంటుంది. కానీ నర్సీపట్నంలో చప్పుడు ఆగిన బండిని అడక్కుండా తోయడం మర్యాద. అడిగితే యజమానిని అవమానించినట్టు.

ముప్పై ఏడుగురు వచ్చారు. (ఒకాయన ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి ఆనించాడంతే.)

"ఒగ్గీండి బాబూ, అదే స్టార్టవుతాది!"

"అందరూ అలాగే అంటారండీ. సిగ్గుపడకండి," అన్నాడు వాళ్లలో ముందున్న సత్తిరాజు, టీ గ్లాసు బానెట్ మీద పెట్టి.

కారు కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. పది గజాల్లో గేదె దూడ వచ్చింది. మళ్లీ బ్రేకు, మళ్లీ ముప్పై ఏడుగురు. మూడోసారికి ఆగుడు వాహనాల పర్యవేక్షణాధికారి గోవింద్ గారు స్వయంగా విచ్చేశారు.

"డాడీ, ఆ బటన్ నొక్కీ. ఇంక ఇంజను దానంతటది ఆగదు," అంది దీనా.

"అమ్మా, బటన్ నొక్కడానికి పర్మిషనుండాల," అన్నారు గోవింద్ గారు. "ముందు తాళం తీసీండి. నడిసే బండికి ఫారం ఇవ్వం."

ఫారంలో ప్రశ్న: ఇంజను ఎందుకు ఆగరాదు? నాలుగు కారణాలకు తగ్గకుండా రాయాలి. ఇంజను మౌనంగా ఉండగా చూసిన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. దానికి ముప్పై ఏడుగురూ కొట్టుకున్నారు. చివరికి అయిదు ముద్రలతో అనుమతి వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో, 'కారు స్టార్ట్ చేసేవరకే చెల్లును' అని ఉంది.

"స్టార్ట్ సెయ్యకుండా బటన్ ఎలా నొక్కుతానండీ?"

"అది వేరే ఫారం." (కారు తయారుచేసినవాళ్లూ తక్కువేం కాదు. బటన్ నొక్కినా, తాళం తీసి మళ్లీ పెడితే ఆ సంగతి కారుకు గుర్తుండదు.)

ఎనిమిదీ నలభై ఆరు. దీనా హాల్ టికెట్టు పట్టుకుని దిగిపోయింది. అప్పుడే రాజుబాబు షేర్ ఆటో వచ్చింది. ఆపితే ఇంజను మళ్లీ అందుకోదని, ఉగాది నుంచి దాన్ని ఎక్కడా ఆపలేదు.

"బేగి ఎక్కమ్మా! ఇది ఆగదు, నేను ఆపలేను!"

దీనా పరిగెత్తి ఎక్కింది, పరీక్ష కేంద్రం దగ్గర పరిగెత్తుతూనే దిగింది. రెండు నిమిషాలు మిగిలి ఉండగా గేటు దాటింది. ఆ సంగతి రాజుబాబు ఫోన్ చేసి చెప్పేసరికి దయాకర్ స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చేశాడు.

రోడ్డు పక్కన జీడిపప్పు అమ్మే అప్పయమ్మ అతని భుజం తట్టింది.

"ఊరుకో నాయినా. ఇంకా నయం, కారు ఇక్కడ ఆగిపోనాది. ఆగకుండా ఎల్లిపోయుంటే, ఆ పిల్లకి ఆటో ఎలా దొరుకును?"