దూరంగా దగ్గరవడం

ఒకదానికొకటి పొసగని రెండు విషయాలను ముడిపెట్టలేనివాడికి ఈ కాలంలో బుర్ర లేనట్టే! ఇది నా మాట కాదు, మా అల్లుడి మాట. ఆఫీసుల్లో జనాన్ని కూర్చోబెట్టి, కొత్తగా ఆలోచించడం నేర్పడం అతని ఉద్యోగం. వ్యతిరేకాలను కలిపితే చాలట, సృజన దానంతటదే పుట్టుకొస్తుందట! పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని, ఈ సంగతి నాకెలా తెలుస్తుంది?

ఎంత గొప్ప విద్యో చూడండి! అతను పాఠం చెప్పొచ్చిన ఒక ఆఫీసులో ఇప్పుడు "తప్పనిసరి ఆప్షనల్ మీటింగ్" పెడుతున్నారు. రాకపోయినా పరవాలేదు, రాకపోతే మాత్రం ఊరుకోరు. ఇంకోచోట ఒక గది తలుపులు పీకేసి, దానికే ఏకాంత మందిరమని బోర్డు తగిలించారు. మరో మేనేజరైతే సగం మందిని ఉద్యోగంలోంచి తీసేసి, "మీరెప్పటికీ మా కుటుంబమే" అంటూ కేకు కోయించాడు. పాపం, కేకు తింటూ ఏడ్చారట. తీపీ ఉప్పూ కలిశాయా లేదా? అదీ సృజనే!

ఇంత విద్య ఇంట్లోకి రాకుండా ఉంటుందా? మొన్న ఆదివారం అల్లుడు హాల్లో సూట్‌కేస్ తెరిచి చొక్కాలు సర్దడం మొదలెట్టాడు. నేను గబగబా దగ్గరికెళ్ళాను.

"ఎక్కడికి బాబూ?"

"ఇది విడిపోవడం కాదు అత్తయ్యా, దూరంగా దగ్గరవడం! వేరే ఫ్లాట్ తీసుకున్నా. బంధం ఇక్కడే ఉంటుంది, నేనే అక్కడుంటాను."

వంటింట్లోంచి మా అమ్మాయి కేకేసింది. "అమ్మా, నువ్వు అడ్డుపడకు! ఆ ఇస్త్రీ పెట్టె కూడా పట్టుకెళ్ళమను. నలిగిన ఇస్త్రీ చొక్కా కనిపెడతారేమో, లోకం మెచ్చుకుంటుంది!"

"చూశారా అత్తయ్యా, ఎంత పాజిటివ్‌గా కోప్పడుతోందో!" అన్నాడు మురిసిపోతూ.

మా కాలంలో మొగుడూ పెళ్ళాం తగువులాడుకుంటే ఒకరు అలిగేవారు, ఒకరు బతిమాలేవారు. మధ్యలో నాలాంటి ముసలిది దూరి ఇద్దరినీ చీవాట్లు పెట్టేది. ఎంత మొరటు పద్ధతి! ఇప్పుడా బాధే లేదు. ఎందుకు వెళ్తున్నావని అడగడానికి వీల్లేదు, వెళ్ళడం లేదుగా! ఎప్పుడొస్తావని అడగడానికీ వీల్లేదు, ఇక్కడే ఉన్నాడుగా!

నా జన్మంతా గుమ్మంలో నిలబడి ఎందరినో సాగనంపాను. తిరిగొచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ, అందరూ "వెళ్ళొస్తా" అనే అన్నారు. పోవడాన్నీ రావడాన్నీ ఒక్క గుక్కలో కలిపేసేవారు, ఏ క్లాసుకూ వెళ్ళకుండానే! ఇంత పండితుడు ఆ మాట అనకపోతాడా అని గుమ్మంలోనే నిలబడ్డాను.

అల్లుడు బూట్లు తొడుక్కున్నాడు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది.

"వెళ్తున్నా అత్తయ్యా" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.