రోలండ్ హెస్కెత్ పోయిన శనివారం

ఆ శనివారం పొద్దున్న రోలండ్ హెస్కెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చప్పుడు కాకుండా వంటింటి తలుపు వేసి, కారెక్కి, ముప్ఫై అయిదు మైళ్ల అవతల సముద్రం ఒడ్డునున్న కౌంటీ క్రికెట్ మైదానానికి పోయి, సాయంత్రం దాకా తెలిసినవాళ్ల కంటపడకుండా కూర్చోవాలి. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన రెండు చీజ్ శాండ్‌విచ్‌లు, మోకాళ్ల మీదికో దుప్పటి. తివాచీల దుకాణంలో కొలతలు తీసి రిటైరైన అరవయ్యెనిమిదేళ్ల మనిషికి అదేమంత పెద్ద నేరం కాదు.

కానీ ఆ రోజే స్కార్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆ ఏడాదికి సొంత మైదానంలో ఆడే ఆఖరి మ్యాచ్. గెలిస్తే ఉన్న లీగ్‌లో ఉంటుంది, లేకపోతే కిందికి దిగిపోతుంది. ఉన్నదే చాలా కింద; దాని కింద ఇంకా ఏదో ఉందని ఊళ్లో చాలామందికి ఆ ఏడాదే తెలిసింది. పదిహేడు మ్యాచ్‌లుగా జట్టు గెలుపు మొహం చూడలేదు. ఆ పదిహేడులో సొంత మైదానంలో జరిగినవన్నీ రోలండ్ చూశాడు. అసలు ముప్ఫయ్యొక్క ఏళ్లలో అక్కడ జరిగిన ఒక్క మ్యాచ్ కూడా అతను తప్పలేదు. పదకొండింటికల్లా వెళ్లి గేటు దగ్గర మ్యాచ్ పుస్తకాలు అమ్మి, మూడింటికి తన కుర్చీలో కూర్చునేవాడు. ఈసారి మాత్రం గుండె చాల్లేదు. మంచం మీదున్న మనిషి ఆఖరి ఘడియల్లో గదిలో ఉండలేక వరండాలోకి జారుకునే చుట్టాలుంటారే, అలాంటి పిరికితనమే అది. ఆ సంగతి అతనికీ తెలుసు.

"మావిస్ ఫోన్ చేస్తే నాకు గొంతు నొప్పని చెప్పు," అన్నాడు భార్య డోరీన్‌తో. మావిస్ క్లబ్ కార్యదర్శి.

"నేను అబద్ధం ఆడను. నలభై ఏళ్లుగా చర్చిలో పాడుతున్నాను. నీ గొంతు కోసం నా గొంతు పాడు చేసుకోమంటావా?"

"పోనీ క్రికెట్ అని మాత్రం అనకు. క్లైవ్‌కి తెలిసిందంటే ఈ జన్మకి మ్యాచ్‌లో నా పక్కన కూర్చోడు."

స్కార్‌బెక్‌లో క్రికెట్‌కు అంత మర్యాద ఉండేది. ఫుట్‌బాల్ ఇంకా ముగియని ఏప్రిల్‌లో కౌంటీ మ్యాచ్‌కు పోయేవాళ్లంటే ఊరివాళ్ల లెక్కలో రెండే రకాలు: నిద్రపట్టని పాస్టర్లు, పెళ్లాలతో పడని మగాళ్లు.

"పోయాడని చెప్తాను," అంది డోరీన్. "ఎక్కడికని అడిగితే చెప్పను. అంతకు మించి నావల్ల కాదు."

"అది చాలు," అన్నాడు రోలండ్. క్లైవ్ పొరపాటున తనకే ఫోన్ చేస్తాడేమోనని సెల్‌ఫోన్ సొరుగులో పడేసి, ఏడున్నరకు బయలుదేరాడు.

పదకొండున్నరకు మావిస్ ఫోన్ చేసింది. గేటు దగ్గర పుస్తకాలున్నాయి గానీ మనిషి లేడు. అలా ఎన్నడూ జరగలేదు.

"పోయాడమ్మా," అంది డోరీన్.

మావిస్ గొంతు తగ్గింది. "ఎప్పుడండీ?"

"పొద్దున్న ఏడున్నరకి."

"అయ్యో. హఠాత్తుగానా?"

"హఠాత్తేముంది. చలికాలం అంతా దీనికోసమే ఎదురు చూశాడు. మీకు చెప్పడానికి మొహమాటపడ్డాడు."

"మరి... బాధేం లేకుండానే కదా?"

"బాధా? ఈల వేసుకుంటూ పోయాడు."

మావిస్ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. జలుబేమో అనుకుంది డోరీన్.

"మీరు ఒక్కరే ఎలా ఉన్నారో ఏమిటో."

"నాకేం, ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇదే అదను అని కర్టెన్లన్నీ తీసి ఉతుకుతున్నాను. ఎక్కడికి పోయాడో మాత్రం నన్నడక్కండి, మాటిచ్చాను."

"అడగక్కర్లేదండీ. మంచి చోటికే పోయుంటాడు."

"ఆయనా అదే అంటాడు. నాకైతే ఆ చలీ, ఆ వానా, ఆ చెక్క బెంచీలూ పడవు," అని డోరీన్ ఫోన్ పెట్టేసింది.

ఆ తరవాతి మూడు గంటల్లో జరిగినవన్నీ రోలండ్‌కు ఆనక ముక్కలు ముక్కలుగా తెలిసిన సంగతులు. కబురు వినగానే క్లైవ్ బట్టర్‌వర్త్ టోపీ తీసి స్టాండ్ మెట్ల మీద కూలబడిపోయాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లు రోలండ్ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి అతను. అన్నేళ్లలోనూ ఇద్దరూ మాట్లాడుకున్నవి ఏ మైదానంలో మాంసం పఫ్ బాగుంటుంది, ఏ చిన్న క్లబ్ స్టాండ్‌కు పైకప్పు కారదు, రిఫరీకి కళ్లున్నాయా లేవా, ఇవే. మావిస్ మౌనం పాటించడానికి రిఫరీని ఒప్పించింది. చేతులకు కట్టుకోవడానికి నల్ల పట్టీలు లేకపోతే చెత్త సంచులు కత్తిరించి కట్టారు. స్థానిక రేడియోకు ఎవరో చెప్పారు. శిక్షకుడు బట్టలు మార్చుకునే గదిలో కుర్రాళ్లను నిలబెట్టి, "ఆ పెద్దమనిషి మీరాడే ఆటను ముప్ఫయ్యొక్క ఏళ్లు ఓపిగ్గా కూర్చుని చూశాడ్రా. ఈ మైదానంలో అంతకన్నా కష్టపడినవాడు ఎవడూ లేడు," అన్నాడట. ఇద్దరు ఏడ్చారట.

రోలండ్ మాత్రం పొద్దుటి నుంచీ సముద్రపు గాలిలో వాన చూస్తున్నాడు. ఒక్క బంతి పడలేదు. పిచ్ మీద పరదాలు, పరదాల మీద నీళ్లు, నీళ్లలో సముద్రపు పక్షులు. ప్రేక్షకులు పదకొండు మంది. అతని పక్కన ఎరుగని ముసలాయన ఒకడు చెవికి చిన్న రేడియో ఆనించుకుని కూర్చున్నాడు. ఇద్దరూ మైదానాల గురించి మాట్లాడుకున్నారు.

"ఇక్కడ టీ బాగుండదు," అన్నాడు ముసలాయన. "మా చిన్నప్పుడు కొండ కింద మైదానం ఒకటుండేది. టీ అక్కడే. దాన్ని అమ్మేశారు. ఇప్పుడక్కడ పరుపుల దుకాణం."

"కనీసం పడుకోవడానికైనా పనికొస్తుంది," అన్నాడు రోలండ్.

"అప్పుడూ అంతే. కౌంటీ క్రికెట్ కదా."

మూడు దాటి అయిదు నిమిషాలకు ముసలాయన తల ఆడించాడు. "స్కార్‌బెక్‌లో ఎవరో పోయారట. నిమిషం పాటు మౌనం పాటించారు."

రోలండ్ తనకు తెలిసినవాళ్లలో ఒంట్లో బాగాలేని వాళ్లందర్నీ లెక్కపెట్టుకున్నాడు. "ఎవరట?"

"హెస్కెత్ అట. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఒక్క మ్యాచ్ తప్పలేదట. పాపం, దాంతోనే పోయుంటాడు."

రోలండ్ చేతిలో శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో హెస్కెత్ అన్న ఇంటిపేరు ఇంకెవరికీ లేదు.

"నీకు తెలిసినవాడా?" అన్నాడు ముసలాయన.

"కొద్దిగా," అని రోలండ్ లేచాడు.

కారులో రేడియో పెట్టాడు. స్కార్‌బెక్ ఒక గోల్ ముందుంది. ఇరవై మైళ్లు వచ్చేసరికి రెండు. మునుపెన్నడూ చూడనంత కసిగా ఆడుతున్నారనీ, గోల్ వేసిన కుర్రాడు ఆకాశం వైపు చెయ్యెత్తి చూపించాడనీ వ్యాఖ్యాత చెబుతున్నాడు. రోలండ్ కారు వేగం తగ్గించాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లు బతికుండి ఆ జట్టుకు తను ఒక్క గోల్ సాయం చేయలేదు. చచ్చిన గంటలో రెండు వచ్చాయి. ఇంకో గంట చచ్చి ఉంటే ఎవరికి నష్టం? ఇంటికి పోయి, తలుపేసుకుని, అయిదింటి తరవాత అందరికీ ఫోన్ చేసి చెప్పొచ్చు.

ఇంట్లో డోరీన్ లేదు. కిటికీలకు కర్టెన్లూ లేవు. బల్ల మీద పూలదండ ఒకటి, దాని కింద చీటీ ఒకటి ఉన్నాయి.

"నువ్వు చచ్చిపోయావని క్లైవ్ పూలు తెచ్చాడు. క్రికెట్‌కి పోయావని నిజం చెప్పేశాను. నన్ను పట్టుకుని ఏడ్చాడు. మ్యాచ్‌కి రమ్మని బలవంతంగా తీసుకుపోతున్నారు. సూప్ పొయ్యి మీదుంది."

రోలండ్ సూప్ ముట్టుకోలేదు. తను చచ్చినా పరవాలేదు గానీ, అబద్ధమాడని మనిషిని అంతమంది మధ్య విధవరాలిగా కూర్చోబెట్టి తను ఇంట్లో సూప్ తాగడం మహాపాపం అనిపించింది. మైదానం పది నిమిషాల నడక. ఎవరికీ కనబడకుండా గోల్ వెనక చిన్న గేటు దగ్గర నిలబడి, ఆట ముగియగానే డోరీన్‌ను పక్కకు పిలవాలనుకున్నాడు.

నిజానికి డోరీన్ తన వంతు ప్రయత్నం తాను చేస్తూనే ఉంది. మౌనం ముగిశాక మావిస్ చెయ్యి పట్టుకుని, "ఆయన పోలేదమ్మా, క్రికెట్ చూస్తున్నాడు," అంది. మావిస్ ఆమె భుజం నిమిరి, "అవునండీ, అలాగే అనుకుందాం. పైన ఎప్పుడూ ఎండే కదా," అంది. డోరీన్ ఇంకో ఇద్దరికి చెప్పింది. వాళ్లు వేడి టీ తెచ్చిచ్చారు. ఆ తరవాత క్లైవ్ మైకు పుచ్చుకుని, "నేను ఇన్నేళ్లు ఒక మంచి మనిషి పక్కన కూర్చున్నాను. ఆ మాట ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు," అనేసరికి ఆమె ఆ మాట నిజమే కదా అని ఊరుకుంది.

రోలండ్ చిన్న గేటు దగ్గరికి చేరేసరికి ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది. రెండు సున్నా. గోల్ వెనక ఎవరూ లేరు. జనమంతా స్టాండ్‌లో ఉన్నారు. దూరంగా తన కుర్చీ మీద ఎవరిదో మఫ్లర్, పూలు కనిపించాయి. పక్క కుర్చీలో క్లైవ్, అతని పక్కన చేతిలో కప్పుతో డోరీన్. తన చావుకు తనే వచ్చినవాడికి ఏడవాలో దాక్కోవాలో తెలియలేదు.

అప్పుడు అవతలి జట్టువాడు కొట్టిన బంతి గోల్ పక్కనుంచి పోయి, దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా రోలండ్ కాళ్ల దగ్గర ఆగింది. గోల్‌కీపర్ లీ వెనక్కి తిరిగాడు. వారమంతా ఇళ్ల పైకప్పులు వేసి శనివారాలు ఆడే కుర్రాడు వాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ల అలవాటు కొద్దీ రోలండ్ ఆలోచించకుండా వంగి, బంతి తీసి విసిరాడు.

"థాంక్స్, రోలండ్," అన్నాడు లీ.

బంతి నేల మీద పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు ఆగి, నెమ్మదిగా మళ్లీ తల తిప్పి చూశాడు. రోలండ్ ఏం చేయాలో తోచక చిన్నగా చెయ్యి ఊపాడు.

లీ కొట్టిన బంతి ముప్ఫై గజాలు కూడా పోలేదు. అవతలివాడి కాలికి అందింది. వాడు దాన్ని తిన్నగా గోల్‌లోకి తన్నాడు. ఆపాల్సిన లీ గోల్‌స్తంభం పట్టుకుని, "వచ్చాడు... ఆయన వచ్చాడు," అంటున్నాడు. అతను చూస్తున్న వైపు మిగతా ఆటగాళ్లు చూశారు, వాళ్లను చూసి స్టాండ్ చూసింది. ఎవరూ అరవలేదు. ఆ మధ్యాహ్నం పాటించిన మౌనం కన్నా ఇప్పటి మౌనమే చిక్కగా ఉందని తరవాత రేడియోవాడు చెప్పాడు. "నేను చెప్తూనే ఉన్నాను," అన్న డోరీన్ గొంతు ఒక్కటే మైదానం అంతా వినిపించింది.

ఒక ఆటగాడు చేతికున్న చెత్త సంచి ముక్కను విప్పి, దాన్నేం చేయాలో తెలియక నిక్కరులో దోపుకున్నాడు. ఆ తరవాత వాళ్ల కాళ్లలో ఇందాకటి కసి లేదు. పది నిమిషాలకు అవతలివాళ్లది రెండో గోల్ పడింది. ఆఖరి నిమిషంలో మూడోది. పద్దెనిమిదో మ్యాచ్ కూడా గెలవలేక స్కార్‌బెక్ టౌన్ కిందికి దిగిపోయింది. దేన్ని చూడలేక పారిపోయాడో దాన్ని రోలండ్ అందరికన్నా దగ్గరగా నిలబడి చూశాడు.

జనం అతన్ని చుట్టుముట్టలేదు. పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయారు. క్లైవ్ ఒక్కడే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడ చచ్చావు పొద్దుటి నుంచీ?"

"క్రికెట్‌కి."

క్లైవ్ చేతిలోని టోపీని నలిపాడు. "డోరీన్ చెప్తే ఆమెకి పిచ్చెక్కిందేమో పాపం అనుకున్నాను. ఈ రోజా? ఈ మ్యాచ్ వదిలేసా?"

"చూడలేకపోయాను క్లైవ్. నిజంగా చూడలేకపోయాను."

"చచ్చిపోయుంటే అర్థం చేసుకునేవాణ్ణి," అన్నాడు క్లైవ్. క్రికెట్ ఎలా జరిగిందని అతను అడగలేదు. వాన పడిందని రోలండూ చెప్పలేదు. క్లైవే మళ్లీ, "మైకులో నీ గురించి నాలుగు మంచి మాటలన్నాను. నాలుగొందల మంది విన్నారు. ఇప్పుడు వాటినేం చెయ్యను?" అన్నాడు.

"నేను వినలేదుగా."

"విననందుకు సంతోషించు. మళ్లీ చెప్పను," అని క్లైవ్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు డోరీన్ అతని చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకుని చాలా ఏళ్లయింది. "అందరూ వచ్చి నువ్వెంత మంచివాడివో చెప్పారు," అంది. "మధ్యలో ఒక్క అయిదు నిమిషాలు నాక్కూడా నువ్వు లేవనిపించింది. బాగాలేదు."

రోలండ్ ఆ చెయ్యి ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మంగళవారం నాడు క్లబ్ గేటుకు మావిస్ ఒక ప్రకటన అంటించింది. జట్టు కింది లీగ్‌కు దిగిపోయిందన్న వార్త కింద, అవే అక్షరాలతో, ఇంకో వాక్యం ఉంది: "మన చిరకాల సభ్యులు శ్రీ రోలండ్ హెస్కెత్ మరణవార్త నిజం కానందుకు క్లబ్ తీవ్రంగా చింతిస్తోంది."